దూర సఫర్‌లో రెండు ఖాళీ రోజులు

శ్రీకాకుళం అనగానే చాలామందికి ఉత్తరాంధ్ర జిల్లా గుర్తుకు వస్తుంది. మేము చెప్పబోయేది ఆ ఊరు కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణానది ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. మా చెల్లెలి ఇల్లు అక్కడే. ఒక జుమా నాడు మేము మచిలీపట్నంలో నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి చెల్లెలు అరుగు మీద కూర్చొని ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"భాయిజాన్, వాడు బండి మీద కాశ్మీరు దాటి లద్దాఖ్ పోతాడట. మీరు వద్దని చెప్పండి. మీ మాటైతే వింటాడు" అంది.

వాడంటే మా మేనల్లుడు. గుడివాడలో ఒక మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. ఇంటికి ఒక్కడే కొడుకు. తోడు వెళ్లేవారు ఇద్దరు. ఒకడు అవనిగడ్డ వైపు రొయ్యల చెరువుల మీద పని చూస్తాడు. ఇంకొకడు మచిలీపట్నంలో బట్టల కొట్టులో ఉంటాడు. ముగ్గురూ రెండేళ్లు డబ్బు కూడబెట్టి పాత బుల్లెట్లు కొని బాగుచేసుకున్నారు.

చెల్లెలి భయానికి కారణం మాకు తెలుసు. ఆరేళ్ల క్రితం మా బావగారు విజయవాడ నుంచి రాత్రిపూట స్కూటర్ మీద వస్తూ ప్రమాదంలో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన హెల్మెట్ ఇంట్లో మేకుకు తగిలించే ఉంది. ఆ రాత్రి మా ఇంట్లో ఒక నిఖా మాటలు జరుగుతున్నాయి. 'అందరూ వచ్చేశారు, త్వరగా రండి' అని ఫోను చేసింది మేమే. ఆ మాట ఈనాటికీ మా చెవుల్లోనే ఉంది. కాబట్టి మేనల్లుడిని 'వద్దు' అని ఒక్క మాటతో ఆపేయడం మాకు తేలిక. అయినా పిలిపించి, ముందు వాడు చెప్పేది వినాలనుకున్నాము.

ముగ్గురూ వచ్చారు. మేనల్లుడు జేబులోంచి ఒక కాగితం తీశాడు. "మామూ, దారి చాలా సులువు. మూడే రోడ్లు" అన్నాడు. నిజమే. 65వ నంబరు జాతీయ రహదారి మన మచిలీపట్నం నుంచే బయలుదేరి విజయవాడ మీదుగా హైదరాబాదు చేరుతుంది. అక్కడ కన్యాకుమారి నుంచి వచ్చే 44వ నంబరు రహదారి పట్టుకుంటే శ్రీనగర్ వరకు పోవచ్చు. శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా లేహ్‌కు ఒకటో నంబరు రహదారి. మన బందరు రోడ్డు మంచుకొండల దాకా ఇలా అతుక్కొని ఉందని ఆ రోజే మేమూ గమనించాము.

కాగితం చివర 'మొత్తం 15 రోజులు' అని రాసి ఉంది. సెలవు అంతే దొరికిందట. మేము పెన్ను తీసుకొని లెక్క వేశాము. వెళ్లడానికి మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. రావడానికి అంతే. ఎంత తక్కువ వేసుకున్నా ఆరు వేలకు పైన. పదిహేను రోజులతో భాగిస్తే రోజుకు నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఒక్క పంక్చరు, ఒక్క జ్వరం, ఒక్క వాన ఉండకూడదు. కొండల్లో శ్రీనగర్ నుంచి లేహ్‌కు ఉన్న సుమారు 420 కిలోమీటర్లకే రెండు మూడు రోజులు పడతాయి.

"బేటా, ఇది ప్లాను కాదు, తొందర" అన్నాము.

ప్లాను వేసుకోవడం అల్లాహ్ మీద నమ్మకం లేకపోవడం అని కొందరు అనుకుంటారు. హిజ్రత్ సంగతి గుర్తు చేసుకుంటే ఆ అపోహ పోతుంది. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా నుంచి మదీనాకు బయలుదేరినప్పుడు ఏర్పాట్లు ఎంత పకడ్బందీగా జరిగాయో చూడండి. హజ్రత్ అబూబకర్ (ర) రెండు ఒంటెలను నెలల ముందు నుంచే మేపి సిద్ధం చేశారు. దారి చూపడానికి అబ్దుల్లా బిన్ ఉరైఖిత్‌ను కుదుర్చుకున్నారు. అతను ముస్లిం కాడు, కాని ఎడారి దారులు బాగా తెలిసినవాడు. మదీనా ఉత్తరాన ఉంటే, ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లారు. వెంబడించేవారి వేడి తగ్గేవరకు మూడు రాత్రులు అక్కడే ఆగారు. అల్లాహ్ రక్షణ మీద ఆయనకున్నంత నమ్మకం ఎవరికుంటుంది? అయినా ఒంటె, దారి చూపేవాడు, భోజనం, ఆగవలసిన చోటు అన్నీ ముందే నిర్ణయించుకున్నారు. ఒంటెను కట్టేసి ఆ తరువాత తవక్కుల్ చేయమన్న బోధ మనకు తెలిసిందే. ఆగడం కూడా ప్రయాణంలో భాగమే అని ఆ మూడు రాత్రులు మనకు నేర్పుతున్నాయి.

లద్దాఖ్‌లో ఈ ఆగడమే ప్రాణాలు కాపాడుతుంది. మనం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో పుట్టి పెరిగినవాళ్లం. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు బందరు తీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. ఖార్దుంగ్ లా కనుమ మీద సుమారు సగమే. ఒళ్లు ఆ గాలికి అలవాటు పడటానికి రోజులు కావాలి. వయసు, కండబలం ఇక్కడ అక్కరకు రావు. బలమైన కుర్రవాడే ముందు పడిపోవచ్చు.

గుర్తులు తెలిసి ఉండాలి. తలనొప్పి, వాంతి, నిద్రపట్టకపోవడం మొదటి హెచ్చరిక. అప్పుడు ఇంకా పైకి వెళ్లకూడదు. కూర్చొని ఉన్నా ఆయాసం వస్తున్నా, దగ్గుతో నురగ పడుతున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా అది ప్రాణాపాయం. వెంటనే కిందికి దిగాలి, ఆసుపత్రికి చేర్చాలి. మూడు వేల మీటర్లు దాటాక, ఒక రాత్రి నిద్రపోయిన చోటికీ మరుసటి రాత్రి చోటికీ మధ్య ఎత్తు తేడా ఐదు వందల మీటర్లు మించకుండా చూసుకోమని వైద్యులు చెబుతారు. అలా వీలుకాని చోట అదనంగా ఆగాలి. ఎత్తు ప్రదేశాలకు వేసుకునే మాత్ర ఉంది. కాని అది అందరికీ పడదు. బయలుదేరే ముందే డాక్టరును అడగాలి.

అందుకే మనాలీ దారి వద్దని, శ్రీనగర్ దారే మేలని చెప్పాము. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరుచుకున్నాక మనాలీ దారి కొంత సులువైంది. కాని ఆ దారిలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న సర్చూ దగ్గర రాత్రి ఆగి అవస్థపడేవాళ్లు చాలామంది. తాండి పెట్రోలు బంకు దగ్గర 'తరువాతి బంకు 365 కిలోమీటర్లు' అన్న బోర్డు బండ్లవాళ్లకు దశాబ్దాలుగా తెలుసు. మధ్యలో కొత్త బంకులు వచ్చినా లెక్క ఆ 365కే వేసుకోవాలి. బుల్లెట్ ట్యాంకులో పట్టేది పదమూడు లీటర్లకు అటూ ఇటూ. సామానుతో కొండ ఎక్కే బండి మన రోడ్డు మీద ఇచ్చే మైలేజీ ఇవ్వదు. శ్రీనగర్ దారిలో సోనామార్గ్, ద్రాస్, కార్గిల్ వంటి ఊళ్లు తగులుతాయి, పెట్రోలు దొరుకుతుంది, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. జోజీ లా కనుమ సుమారు 3,530 మీటర్ల ఎత్తుదే అయినా రాత్రి దాని మీద ఉండనక్కరలేదు. దాటి కార్గిల్‌కు దిగిపోవచ్చు.

తెలుగులో 'మజిలీ' అంటాము. అది మన ఉర్దూ 'మంజిల్' నుంచి వచ్చిన మాటే. పూర్వం లేహ్ నుంచి కారకోరం కనుమ దాటి యార్కండ్‌కు వర్తకుల బిడారులు వెళ్లేవి. అటు నుంచి హజ్ యాత్రికులు కూడా లేహ్ మీదుగా వచ్చేవారు. వారి లెక్క కిలోమీటర్లలో ఉండేది కాదు, మజిలీల్లో ఉండేది. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ గుర్రాలకు గడ్డి దొరకదు అన్నదే అసలు లెక్క. లేహ్‌కు చెందిన గులాం రసూల్ గల్వాన్ పేదరికంలో పుట్టి, కూలీగా మొదలై, బిడారులను నడిపే నాయకుడయ్యాడు. ఆయన ఆత్మకథ 1923లో ఇంగ్లీషులో అచ్చయింది. గల్వాన్ నదికి ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. మోటారు బండి వచ్చినా కొండ మారలేదు. లెక్క మజిలీల్లోనే వేయాలి.

ఆ రాత్రి మేము నలుగురం కూర్చొని కొత్త కాగితం రాశాము. బండ్లను విజయవాడలో రైల్వే పార్సిల్‌లో వేసి జమ్మూ చేర్చాలి. పార్సిల్‌లో వేసే ముందు ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి. ఆర్.సి. నకలు ఇవ్వాలి. రైలుకు మూడు రోజులు. జమ్మూలో బండ్లు విడిపించుకొని బిగింపులు చూసుకోవడానికి ఒక రోజు. శ్రీనగర్‌కు ఒకటి, సోనామార్గ్‌కు ఒకటి, కార్గిల్‌కు ఒకటి, లేహ్‌కు ఒకటి. లేహ్‌లో రెండు రోజులు బండి ముట్టకూడదు. ఖార్దుంగ్ లా దాటి నుబ్రా లోయ చూసి రావడానికి మూడు. తిరిగి జమ్మూకు నాలుగు. పార్సిల్‌కు ఒకటి, రైలుకు మూడు. మొత్తం 21 రోజులు. వాటికింద రెండు గడులు గీసి ఏమీ రాయకుండా వదిలాము. 23 రోజులు.

"అంత సెలవు ఈ ఏడు దొరకదు మామూ" అన్నాడు మేనల్లుడు. మొహం చిన్నబోయింది. "అయితే వచ్చే సెప్టెంబరులో వెళ్లండి. కొండ ఎక్కడికీ పోదు" అన్నాము. ఎండాకాలంలో మంచు కరిగి దారికి అడ్డంగా పారే నాలాలు మధ్యాహ్నానికి ఉప్పొంగుతాయి. అటువంటి చోట్లు పొద్దున్నే దాటాలి. సెప్టెంబరుకు వాటి జోరు తగ్గుతుంది, కాని రాత్రి చలి పెరుగుతుంది. 2010 ఆగస్టులో లేహ్‌లో ఒక్క రాత్రి కుంభవృష్టికి వరద వచ్చి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఎడారి వంటి ఆ చోట అంత వాన ఎవరూ ఊహించలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఊళ్లకు ఊళ్లు పోగొట్టుకున్న దివిసీమ వాళ్లకు ఆకాశం మాట వినడం ఒకరు నేర్పాలా?

సరంజామా సంగతి మేనల్లుడికే వదిలేశాము. అది వాడి వృత్తి. క్లచ్ కేబుల్, ఆక్సిలరేటర్ కేబుల్, ట్యూబులు, ప్లగ్గులు, ఫ్యూజులు, పంక్చరు సామాను, గాలి పంపు అని గడగడా చెప్పాడు. మేము చేర్చినవి కొన్నే. లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు. ఒకరి బండి రెండో తాళం చెవి ఇంకొకరి దగ్గర. ప్రతివాడి జేబులో బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోను నంబరు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు కాబట్టి ఒక పోస్ట్‌పెయిడ్ ఫోను. సరిహద్దు ప్రాంతాల అనుమతుల నియమాలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు లేహ్ అధికారుల నుంచి తెలుసుకోవాలి.

ముగ్గురు ప్రయాణం చేస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమని హదీసు. రొయ్యల చెరువుల కుర్రవాడిని ఎన్నుకున్నారు. అందరిలో నిదానస్తుడు అతనే. అతనికి ఒక్క అధికారం రాసి ఇచ్చాము. అతను 'వెనక్కి' అంటే వెనక్కే. కారణం అడగకూడదు. ఖార్దుంగ్ లా బోర్డు వంద గజాల్లో ఉన్నా సరే. ఆ బోర్డు మీద ఒకప్పుడు 18,380 అడుగులని రాసి ఉండేది, ఆధునిక కొలతల్లో అది సుమారు 17,580 అడుగులే. ఆ బోర్డు పక్కన దిగే ఫోటో కోసం ప్రాణం పణం పెట్టడం ఎందుకు?

ఇబాదత్ విషయంలోనూ అల్లాహ్ ప్రయాణికుడికి సులువు చేశాడు. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండుగా కసర్ అవుతుంది. వుజూ చేసి తోలు మేజోళ్లు తొడుక్కుంటే ప్రయాణికుడు మూడు పగళ్లు మూడు రాత్రులు వాటి మీద మసహ్ చేయవచ్చు. గడ్డకట్టే నీళ్లు నిజంగా హాని చేసే స్థితిలో, వేడి నీళ్లు దొరకకపోతే తయమ్ముమ్ ఉంది. ధర్మమే ఇంత వెసులుబాటు ఇచ్చినప్పుడు మనం మన ప్లానులో ఇవ్వకపోతే ఎలా?

మరుసటి ఆదివారం కాగితం తీసుకొని శ్రీకాకుళం వెళ్లాము. చెల్లెలు ఒక్కో మజిలీ చదివింది. చివర వేలు ఆగింది. "ఈ రెండు గడులు ఎందుకు ఖాళీ?" అని అడిగింది.

"ఆలస్యానికి. ఎవరూ తొందరపడకుండా" అన్నాము. ఇంకొక మాట గొంతులో ఆగింది. ఆరేళ్ల క్రితం 'పొద్దున్నే రండి' అని ఉంటే సరిపోయేది.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మేనల్లుడి వైపు తిరిగి "మజిలీ చేరాక ఒక్క కబురు చాలు. దారిలో నేను ఫోను చేయను. ఒక రోజు కబురు రాకపోయినా కంగారుపడను. నువ్వు మాత్రం చీకటి పడ్డాక బండి నడపకు" అంది. లేచి మేకుకున్న పాత హెల్మెట్ తీసింది. "ఇది పెట్టుకోకు. పాతబడింది. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నది కొత్తది కొనుక్కో. బండి బయట ఉన్నప్పుడు ఈ మేకు ఖాళీగా ఉండాలి" అంది.

వాళ్లు వచ్చే సెప్టెంబరులో బయలుదేరుతారు, ఇన్షాఅల్లాహ్. ఈలోగా మీ ఇంట్లో పిల్లలెవరైనా కాగితం తీసి చూపిస్తే, ముందే కాదనకండి. ముందే ఔననకండి. పక్కన కూర్చొని రోజులు లెక్కపెట్టండి. ఖాళీ గడులు ఉన్నాయేమో చూడండి. మన మనిషి దారిలో ఉన్నప్పుడు 'త్వరగా రా' అనే మాట మన నోట రాకుండా చూసుకుందాము. నిదానంగా రా, ఎదురుచూస్తుంటాము అందాము.

అల్లాహ్ ప్రయాణికులందరినీ క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక! ఆమీన్.