సంతకమునకు ముందు

పరిశోధన యనగా తెలియని విషయమును క్రమపద్ధతిని తెలిసికొనుట. మందును గూర్చియైనను, భాషను గూర్చియైనను పరిశోధించుటకు జనుల సహాయము కావలయును. అయితే ఆ పరిశోధనకు ‘సరే’ యని పలుకు అధికారము ఎవరిది?

మన తెలుగునాట జరిగిన విషయమునే చూతము. 2009వ సంవత్సరమున ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను గూర్చి పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి యొక అధ్యయనమును ఆరంభించినవి. 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మంది అందు చేర్చబడిరి. వారిలో వసతి గృహములలో చదువుకొను గిరిజన బాలికలు పెక్కురు. 2010 ఏప్రిలులో అధ్యయనము నిలిపివేయబడినది. విచారణలో చూచిన 9,543 అనుమతి పత్రములలో 2,763 పత్రములపై సంతకము చేసినవారు తలిదండ్రులు కారు, వసతి గృహాధికారులు! టీకా చెడ్డదని దీని భావము కాదు. నేడు అనేక దేశములలో దానిని బాలికల కిచ్చుచున్నారు. అప్పుడు సంభవించిన మరణములకు టీకా కారణమని విచారణ సంఘము తేల్చలేదు. అయితే అనుమతి పొందిన విధమునందు దోషము కలదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని తీవ్రముగా ఖండించినది.

ఉత్తర ధ్రువమునకు చేరువనున్న కెనడా దేశపు నూనవుట్ ప్రాంతమున ఇనూయిట్ అను ఆదివాసులు కలరు. అచట పరిశోధన చేయగోరు శాస్త్రజ్ఞుడు ముందుగా అచటి పరిశోధన సంస్థ నుండి అనుమతి పత్రము పొందవలెను. తన పని యేమో సులభముగా, వారి ఇనుక్టిటుట్ భాషలో వ్రాసి యీయవలెను. అర్థము కాని భాషలో అడిగి పొందిన సమ్మతి సమ్మతి కాదని దీని సారాంశము.

మన దేశమునను 2017లో వైద్య పరిశోధన మండలి నియమములను సవరించినది. గ్రామ పెద్ద యొప్పుకొన్నను ప్రతి వ్యక్తియు వేరుగా ఒప్పుకొనవలెను. ఏడేండ్లు దాటిన బాలుర, బాలికల అంగీకారమును తలిదండ్రుల సమ్మతితోపాటు అడుగవలెను.

బ్రూక్‌ఫీల్డ్‌లో తెలుగు చదువుకొను మనకును ఇది వర్తించును. ఇచట మన యింటికి వచ్చు పత్రములు తరచుగా కన్నడములోనో ఇంగ్లీషులోనో యుండును. కావున తలిదండ్రులారా! సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలు వేయుడు: ఇది దేనికొరకు? కీడేమైన కలదా? నడుమ మానుకొనవచ్చునా? ఫలితమును మాకు తెలుపుదురా? విద్యార్థులారా! అట్టి పత్రమును ఇంటివారికి తెలుగులో చదివి వినిపింపుడు. మీ చదువునకు అంతకు మించిన వినియోగము లేదు.