పాత చలనచిత్ర కెమెరాను, ఫిలిమును ఎన్నుకొను విధము

ఏ పనికైనను తగిన పనిముట్టు కావలెను. పనిముట్టు చేతనున్నంత మాత్రమున ఎవడును పనివాడు కాజాలడు గాని, దాని గుణదోషముల నెరుగనివాడు ఎంతటి నేర్పరియైనను నష్టపడక మానడు. ఈ కాలమున చలనచిత్రము తీయుటకు ఫిలిమే యక్కరలేదు. జేబులోని ఫోనే బొమ్మలను తీసి వెంటనే చూపుచున్నది. అట్లయ్యును దేశదేశముల యువకులు కొందరు పాత కెమెరాలను వెదకి కొని, ఫిలిముపై చిత్రములు తీయుచున్నారు. ఇది వట్టి వేడుక యని తలపరాదు. ఫిలిము వెల గలది. ఒకసారి వెలుతురు సోకిన భాగము మరల పనికిరాదు. కావున మీట నొక్కుటకు ముందు ఏమి తీయవలెను, ఎంతసేపు తీయవలెను, ఏల తీయవలెను అని ఆలోచింపక తప్పదు. చూపునకు ఇట్టి శిక్షణ మరియొకచోట దొరకుట యరుదు.

ఈ విషయమున మాకు కలిగిన నష్టమును ముందుగా చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మేమొక పాత 16 మిల్లీమీటర్ల కెమెరాను కొంటిమి. పైమెరుగు చక్కగా నుండెను. తాళము త్రిప్పగా యంత్రము ఇంపుగా పలికెను. అంతకు మించి పరీక్షింపలేదు. సంక్రాంతినాడు, ఎనుబదియేండ్లు దాటిన మా మాతామహి వాకిట ముగ్గు పెట్టుచుండగా చుట్ట యంతయు తీసితిమి. ఆ చేయి ఆ వయస్సునను చుక్క తప్పెడిది కాదు. ఫిలిమును కడిగించి చూడగా ఒక్క దృశ్యమైనను నిలకడగా లేదు. అంచు పొడుగునను చినుగులే. ఆ కెమెరా ఇరుప్రక్కల రంధ్రములు గల ఫిలిమునకై చేయబడినదనియు, మేము పెట్టినది ఒక ప్రక్కనే రంధ్రములు గలదనియు తరువాత తెలిసినది. మరుసటి సంక్రాంతికి ఆమె లేదు. ఇట్టి నష్టము వేరొకరికి కలుగకుండుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట ఫిలిము వెడల్పును గూర్చి తెలిసికొనవలెను. చలనచిత్రమనగా నిశ్చలమైన పటముల వరుసయే. సెకనుకు 24 పటముల చొప్పున కంటి యెదుట నడచినపుడు మనకవి కదలుచున్నట్లు తోచును. 35 మిల్లీమీటర్ల ఫిలిమున అడుగునకు 16 పటములు మాత్రమే పట్టును. కావున నిమిషమునకు 90 అడుగుల ఫిలిము ఖర్చగును. 1957లో వెలువడిన మాయాబజారును మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణము చేసినది ఈ వెడల్పు ఫిలిముపైననే. ఇది వృత్తివారికి తగినది గాని, నేర్చుకొనువారికి మోయరాని భారము. గృహస్థులకై కొడాక్ కంపెనీ 1923లో 16 మిల్లీమీటర్ల ఫిలిమును, 1932లో 8 మిల్లీమీటర్ల ఫిలిమును, 1965లో సూపర్ 8 ను వెలువరించినది. 16 మిల్లీమీటర్లలో అడుగునకు 40 పటములు. నూరడుగుల చుట్ట 2 నిమిషముల 46 సెకన్లు నడచును. సూపర్ 8 లో అడుగునకు 72 పటములు. 50 అడుగుల పెట్టె రెండున్నర నిమిషములు నడచును.

సూపర్ 8 ఫిలిము మూసిన పెట్టెలో వచ్చును. దానిని కెమెరాలో పెట్టి మూత వేసిన చాలును. చేతితో ఎక్కింప బనిలేదు. ఇది దాని సుగుణము. అయితే 16 మిల్లీమీటర్ల పటము వైశాల్యమున దానికి మూడు రెట్లకు మించి యుండుటచే బొమ్మ స్పష్టముగా నుండును. అదియుగాక, సూపర్ 8 కెమెరాలు చాలవరకు బ్యాటరీలతో నడచునవి. లోపలి తీగెలు పాడైనచో బాగుచేయువారు దొరకరు. వానిలో కొన్నింటి వెలుతురు కొలమానమునకు వలసిన పాదరసపు ఘటము ఇప్పుడు అంగళ్లలో లేదు. స్ప్రింగుతో నడచు 16 మిల్లీమీటర్ల కెమెరాకు విద్యుత్తే యక్కరలేదు. అందువలన ఓపిక గల విద్యార్థికి మేము దీనినే సూచింతుము.

ఈ జాతిలో పేరొందినవి మూడు. స్విట్జర్లాండు దేశపు పైలార్డ్ కంపెనీ 1935లో వెలువరించిన బోలెక్స్ హెచ్ 16 మొదటిది. 1956 నుండి వచ్చిన రిఫ్లెక్స్ రకములలో, లెన్సు గుండ వచ్చు దృశ్యమునే కంటికి చూపు పట్టకము కలదు. ప్రక్కనున్న వేరొక గవాక్షము గుండ చూడవలసిన కెమెరాలలో, దగ్గరి వస్తువును తీయునపుడు మనము చూచినదొకటి, ఫిలిముపై పడినదొకటి యగును. తల తెగిన బొమ్మలకు కారణమిదియే. అయితే ఆ పట్టకము వెలుతురులో కొంత కంటికై పంచుకొనును గనుక, ఆ మేరకు లెన్సు ద్వారమును పెద్దది చేయవలెను. రెండవది అమెరికా దేశపు బెల్ అండ్ హోవెల్ ఫిల్మో 70. ఇది 1923 నుండి వచ్చిన మిక్కిలి గట్టి యంత్రము. మూడవది సోవియట్ దేశమున 1971 మొదలు 1993 వరకు తయారైన క్రాస్నోగోర్స్క్ 3. అద్దముతో చూపు ఏర్పాటు, 17 మొదలు 69 మిల్లీమీటర్ల వరకు మారు జూమ్ లెన్సు దీనికి కలవు. అయితే ఫిలిమును తానుగా ఎక్కించుటకు లోపల పెట్టిన మార్గదర్శకములు ఒక్కొకప్పుడు ఫిలిమును గీరును.

కొనుటకు ముందు ఐదు పరీక్షలు చేయవలెను. మూత తీసి పండ్ల చక్రమును చూడుడు. పండ్లు ఒకవైపుననే యున్నచో ఒంటివరుస రంధ్రముల ఫిలిము నడచును. ఇరువైపుల నున్నచో రెండు వరుసల ఫిలిమే కావలెను. ఇప్పుడు హెచ్చుగా దొరకునది ఒంటివరుసదే గనుక ఈ పరీక్ష ముఖ్యము. తొలినాటి ఫిల్మోలను, తొలినాటి బోలెక్సులను ప్రత్యేకముగా చూడవలెను. రెండవది, టార్చిలైటును లెన్సునకు వెనుకనుండి పట్టి చూడుడు. సాలెగూటివంటి పోగులు కనబడినచో అది బూజు; మన సముద్రతీరపు తేమలో అది త్వరగా వ్యాపించును. మూడవది వేగపరీక్ష. పనికిరాని ఫిలిము నొకదానిని పెట్టి, సెకనుకు 24 పటముల వద్ద సరిగా పది సెకన్లు నడిపి, నడచిన ఫిలిమును కొలువుడు. 240 పటములు, అనగా ఆరడుగులు రావలెను. తక్కువ వచ్చినచో లోపలి నూనె గట్టిపడినదని యర్థము. నాలుగవది, ఆ ఫిలిమునే వెలుతురునకు ఎత్తి గీతలున్నవేమో చూడుడు. ఐదవది, మూత అంచులు బిగువుగా మూతపడునేమో చూడుడు. సందున్నచో వెలుతురు చొరబడును. ఈ ఐదింటికి అరగంట చాలును. ఆ యరగంటను మేము వెచ్చింపలేదు.

ఇక ఫిలిము సంగతి. నెగటివు, రివర్సల్ అని ఫిలిము రెండు విధములు. నెగటివు వెలుతురు లెక్కలో కొంత పొరపాటును సహించును. రివర్సల్ అంతగా సహింపదు గాని, కడిగిన ఫిలిమునే నేరుగా తెరపై చూపవచ్చును. కొడాక్ విజన్ 3 నెగటివులలో 50 డి, 250 డి అనునవి పగటి వెలుతురునకును, 200 టి, 500 టి అనునవి దీపపు వెలుతురునకును ఉద్దేశింపబడినవి. అంకె పెరిగిన కొలది తక్కువ వెలుతురు చాలును, రేణువు ముదుకగును. దీపపు ఫిలిమును ఎండలో వాడినచో బొమ్మ నీలిరంగు పొందును. అందుకు 85 సంఖ్య గల నారింజరంగు ఫిల్టరును లెన్సునకు పెట్టి, 200 ను 125 గా, 500 ను 320 గా లెక్కింపవలెను. నలుపు తెలుపు కోరువారికి డబుల్ ఎక్స్ నెగటివును, ట్రై ఎక్స్ రివర్సలును కలవు. రంగుల రివర్సలగు ఎక్టాక్రోమ్ 2018లో మరల వెలువడినది.

మన దేశపు ఎండకు 50 డి చక్కగా సరిపోవును. కెమెరా మూతచక్రము సగము తెరచియుండునదైనచో, సెకనుకు 24 పటముల వద్ద ఒక్కొక్క పటమునకు సుమారు యాబదియవ వంతు సెకను వెలుతురు సోకును. వేగము 50 గల ఫిలిమునకు నిండు ఎండలో అప్పుడు లెన్సు ద్వారము 16 వద్ద నుంచిన సరిపోవును. ఈ యొక్క లెక్క కంఠస్థమైనచో కొలమానము చెడినను పని చెడదు.

పాత ఫిలిము చవుకగా దొరకినదని మురిసి కొనరాదు. కాలము తీరిన ఫిలిము మసకబారును, వేగము కోల్పోవును. అభ్యాసమునకే గాని మరల రాని ఘట్టములకు అది తగదు. 1935లో పుట్టిన కొడాక్రోమ్ తయారీ 2009లో నిలిచిపోయినది. దానిని కడుగు చివరి కర్మాగారము, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమందలిది, 2010 డిసెంబరు తరువాత క్రొత్త చుట్టలను తీసికొనలేదు. కావున ఆ ఫిలిముపై రంగుల బొమ్మ ఇక రాదు. మరియు 1950 ప్రాంతమువరకు వచ్చిన 35 మిల్లీమీటర్ల ఫిలిము పెక్కు నైట్రేటుతో చేయబడినది. అది అంటుకొన్నచో నీటిలో ముంచినను ఆరదు. అట్టిది ఇంటిలో కనబడినచో తాకక పెద్దలకు తెలుపుడు.

క్రొత్త ఫిలిమును చల్లని చోట దాచి, వాడుటకు ముందు డబ్బాను తెరవకయే గది వేడికి రానిండు. లేనిచో చెమ్మ పట్టును. విమానయానమున కడుగని ఫిలిమును క్రొత్తరకపు తనిఖీ యంత్రములలో పెట్టనీయక చేతితో పరీక్షింప వేడుకొనుడు. అన్నిటికంటె ముందు, కడుగువారెవరో, ఏ రకమును కడుగుదురో, ఎంత తీసికొందురో విచారించి పిమ్మట ఫిలిమును కొనుడు. పని ముగిసిన వెనుక స్ప్రింగును పూర్తిగా వదులు చేసి కెమెరాను దాచుడు.

నూరడుగుల చుట్టలో ఎనిమిదేసి సెకన్ల దృశ్యములు ఇరువది పట్టును. ఆ యిరువదింటిని ముందు కాగితముపై వ్రాసికొనుడు. మేమును ఏడాది గడచిన పిమ్మట వచ్చిన సంక్రాంతికి అట్లే వ్రాసికొని, పరీక్షించిన కెమెరాతో, అదే వాకిట మా తల్లి పెట్టిన ముగ్గును తీసితిమి. చుట్ట నిర్దోషముగా వచ్చినది. చూచిన బంధువులు, ఆ వ్రేళ్ల నడక మా మాతామహిదే యనిరి. ఆమె బొమ్మ మాత్రము మాకు లేదు.

విద్యార్థులారా! మీ యిండ్లలోను వృద్ధులు కలరు. వారి చేతులలో మీరింకను నేర్వని పనులు కలవు. ఫిలిముతో తీసినను, ఫోనుతో తీసినను, ముందు పనిముట్టును పరీక్షించి, పిమ్మట ఆలసింపక తీయుడు.