తాళపత్రము వేడుకొనిన నాలుగు మాటలు

పూర్వము తాళపత్రములపై గంటముతో కావ్యములను వ్రాసిన లేఖకులు, చివరి యాకున తమ పేరును తిథివారములను వేసికొనిన పిమ్మట, ఆ పుస్తకమే నోరు తెఱచి వేడుకొనుచున్నట్లుగా ఒక విన్నపమును జేర్చుట కలదు: నీరు తగులనీయవలదనియు, నూనె యంటనీయవలదనియు, కట్టు సడలనీయవలదనియు, తెలివిమాలినవాని చేతికి ఈయవలదనియు. ఈ నాలుగు భయములును తాటాకుతోడనే తీరిపోయినవని మనము తలంచుచున్నాము. కాని పెండ్లిండ్లును, అన్నప్రాశనములును, కాశీయాత్రలును, కీర్తిశేషులైన పెద్దల చిఱునవ్వులును వేలకొలది ఛాయాచిత్రములై మన చొక్కాజేబులోని ఫోనులో ఇమిడియున్న యీ కాలమున, ఆ భయములే రూపము మార్చుకొని మరల మన గుమ్మమున నిలిచియున్నవి.

మొదట నీటి మాట. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగరు పరిసరములలోని యిండ్లను ముంచినది. అట్టి యింట కంప్యూటరులో ఒక ప్రతియు, దాని క్రింది సొరుగులో హార్డుడిస్కుపై మఱియొక ప్రతియు ఉన్నవనుకొందము; గృహస్థు లెక్కకు అవి రెండు, వరద లెక్కకు ఒకటి. అగ్నికిని దొంగకును గూడ అదియే లెక్క. కావుననే అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ తన వృత్తివారికి బోధించి ప్రచారము చేసిన ‘మూడు, రెండు, ఒకటి’ అను నియమము నేడు లోకమంతట ఆదరణ పొందినది: ప్రతి చిత్రమునకు మూడు ప్రతులుండవలెను, అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను, వానిలో ఒకటి యిల్లు దాటి వేఱొకచోట నుండవలెను. సామాన్య కుటుంబమునకు ఇది దుస్సాధ్యము కాదు. ఫోనులోనిది మొదటి ప్రతి, విడిగా కొని తెచ్చిన హార్డుడిస్కులోనిది రెండవది, క్లౌడులోనిది మూడవది. క్లౌడుపై నమ్మకము కుదరనివారు రెండు డిస్కులు కొని, ఒకదానిని పొరుగూరి కుమార్తె యింటనుంచి, సంక్రాంతికి ఆమె వచ్చినప్పుడు ఇంటిదానితో మార్చుకొనవచ్చును. చిత్రమునకు నాలుగు మెగాబైట్ల చొప్పున లెక్కించినను ఒక టెరాబైటు డిస్కున రెండున్నర లక్షల చిత్రములు పట్టును; వీడియోలు మిక్కిలిగా తీయు నిండ్లకు మాత్రము అంతకు పెద్దది కావలెను.

ఇల్లు మాఱిన ప్రతి యెంతటి యుపకారియో తెలుపు గాథ చలనచిత్రలోకమున నొకటి ప్రసిద్ధమైయున్నది. 1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ నిర్మాణము జరుగుచుండగా, పొరపాటున ఇచ్చిన ఒక్క ఆజ్ఞవలన ఆ చిత్రపు ఫైళ్లు కన్నులయెదుటనే మాయము కాజొచ్చినవి. బ్యాకప్పు ఉన్నదిగదా యని ధైర్యము తెచ్చుకొని దానిని తెఱచిచూడగా, అది కొంతకాలముగా సరిగా పనిచేయుటయే లేదని తేలినది. అప్పుడు, బిడ్డ పుట్టిన కారణమున ఇంటినుండి పనిచేయుచుండిన గేలిన్ సస్మన్ అను సాంకేతిక దర్శకురాలికి తన యింటి కంప్యూటరులో ఒక ప్రతి యున్నదని జ్ఞప్తికి వచ్చినది. దానిని దుప్పట్లలో చుట్టి, పసికందును తెచ్చినట్లు కారులో కార్యాలయమునకు తెచ్చిరి.

రెండవది నూనె. తాటాకుపై నూనె మరకవలె చడిచప్పుడు లేక ప్రాకు క్షయము నేటి సాధనములకును ఉన్నది. హార్డుడిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెము నిమిషమునకు సాధారణముగా 5400 మారులు తిరుగుచుండ, దాని పైన వెండ్రుక మందమున వేయవవంతునకంటెను తక్కువ యెడముతో చదువు మొన ఎగురుచుండును. పనిచేయుచున్నప్పుడు బల్లపైనుండి జాఱిన డిస్కు బ్రదికి బయటపడుట అదృష్టమే. పెన్‌డ్రైవులును మెమొరీకార్డులును తిరుగునవి కావు గాని, అతిసూక్ష్మమైన అరలలో బంధింపబడిన విద్యుదావేశమే వానిలోని వ్రాత యగుటచేత, ఏండ్ల తరబడి వేడిగదిలో వాడక పడవైచినచో అది కొంచెము కొంచెముగా జాఱిపోవచ్చును. సీడీపై వ్రాసిన చిత్రములకు రంగు పొర యాధారము. ఎండయు వేడిమియు దానికి శత్రువులు. సీడీ చెడకున్నను, దానిని దూర్చుటకు చోటున్న కంప్యూటరు నేడెన్ని యిండ్లనున్నది? కావున ఏ సాధనమును శాశ్వతమని నమ్మరాదు. నాలుగైదేండ్లకొకసారి పాతదానినుండి క్రొత్తదానికి ప్రతి యెత్తుకొనుటయే మార్గము. తాటాకు జీర్ణింపకమునుపే వేఱొక యాకుపైకి వ్రాసికొనిన మన పూర్వులు చేసినదియు నదియే.

మూడవది కట్టు సడలుట. మన యిండ్లలో చిత్రములు కొన్ని తండ్రి ఫోనులోను, కొన్ని కెమెరా కార్డులోను, కొన్ని వాట్సాప్ బృందములలోను చెదరియుండును. త్రాడు తెగిన తాళపత్రములకును వీనికిని భేదము లేదు. వాట్సాప్ వీనిని పంపునప్పుడు సాధారణముగా పరిమాణము తగ్గించి, చిత్రముతోపాటు కెమెరా వ్రాసియుంచిన తేదీ మొదలగు వివరములను గూడ తొలగించును. కావున పెండ్లిచిత్రములను బంధువులనుండి తెప్పించుకొనునప్పుడు డాక్యుమెంటు రూపమున పంపుడని కోరవలెను. ఫోల్డరు పేరును ‘2019-05-12 అన్నప్రాశనము’ అనునట్లు సంవత్సరము, నెల, తేదీ వరుసలో వ్రాసినచో, కంప్యూటరు వానిని తానే కాలక్రమమున పేర్చును. ముఖ్యముగా, చిత్రములోని వారెవరో వ్రాసియుంచవలెను. స్టూడియో ఫొటో వెనుక తాతగారు పెన్సిలుతో వ్రాసిన రెండు పేర్లు లేకున్న, అందు కూర్చున్న ముత్తవ్వ మనకొక అపరిచితురాలే గదా.

నాలుగవది తెలివిమాలిన చేయి. ఆ చేయి మనదే యని యొప్పుకొనుట కష్టము. ఫోనులోని చిత్రములు గూగుల్ ఫొటోసులో కనబడుచున్నవిగదా యని చాలమంది నిశ్చింతగా నుందురు. కాని అది యద్దము వంటిది, ఇచ్చట తుడిచిన అచ్చటను తుడుచుకొనిపోవును. అచ్చటి చెత్తబుట్టలో 60 దినములు మాత్రము నిలిచియుండి, పిమ్మట శాశ్వతముగా అంతర్ధానమగును. ఆ సేవలో 2021 జూన్ 1 నుండి చిత్రములు 15 గిగాబైట్ల ఉచితపరిమితిలోనే లెక్కకు వచ్చుచున్నవి, ఈమెయిళ్లతో కలిపి. నిండిన దినమున క్రొత్త చిత్రములు చేరుట ఆగిపోవును. రెండేండ్లు వాడని ఖాతాను తొలగించు నియమము గూడ గలదు గనుక, గతించిన పెద్దల ఖాతాలోని చిత్రములను ఆలస్యము చేయక దించుకొనుట మంచిది. ఇక కంప్యూటరులోని ఫైళ్లకు తాళము వేసి సొమ్మడుగు దుష్ట ప్రోగ్రాములు, దానికి తగిలించియున్న డిస్కును గూడ విడువవు. పని ముగియగానే కేబులు ఊడదీసి డిస్కును బీరువాలో పెట్టుటయే దానికి కవచము.

ప్రతి యున్నంతమాత్రమున చాలదు, అది సరియైన ప్రతియా యని చూడవలెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తన సొమ్ముతో పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని తాళపత్రప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. ఒంటి ప్రతిని ఆయన నమ్మలేదు. తెఱచి చదువని ప్రతిని అసలే నమ్మలేదు. మనము గూడ ఏడాదికొకమారు ఆ డిస్కును తగిలించి, అందందు పది చిత్రములు తెఱచిచూచి, అవి నిండుగా వచ్చుచున్నవో లేదో తెలిసికొనవలెను.

ఇందులకు దినమెప్పుడని యడుగువారికి మన పంచాంగముననే సమాధానమున్నది. దసరా దినములలో మూలానక్షత్రమునాడు పుస్తకములను పీటపై పెట్టి సరస్వతిని పూజించు వాడుక మనకున్నది. ఆ ముందునాటి రాత్రి ఏడాది చిత్రములన్నింటికి ప్రతి తీసి, సరిచూచి, మఱునాడు ఆ డిస్కును గూడ పుస్తకములతోపాటు పీటపై నుంచవచ్చును. ప్రతి తీయక పూజించినచో మాత్రము, అమ్మవారు కుంకుమ స్వీకరించును గాని, పోయిన చిత్రములను తిరిగి తెచ్చి యీయదు.