వాదించేవారి భద్రత, వలసవచ్చినవారి భయం

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 1975లో ఒక చట్టం చేసింది. అనుమతి పత్రాలు లేకుండా వచ్చిన వలస పిల్లల చదువుకు రాష్ట్ర నిధులు ఇవ్వనక్కరలేదన్నది దాని సారాంశం. 1977లో టైలర్ పట్టణ పాఠశాలలు అలాంటి పిల్లలు ఒక్కొక్కరు ఏడాదికి 1000 డాలర్లు చెల్లించాలన్నాయి. కూలినాలి చేసుకొని బ్రతికే నాలుగు కుటుంబాలు న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి.

వారి తరఫున వాదించిన న్యాయవాదులకు కేసు ఓడినా ఇల్లూ, వృత్తీ ఎక్కడికీ పోవు. కోర్టు గడప తొక్కిన తల్లిదండ్రుల సంగతి వేరు. వారిని దేశం నుండే పంపివేయవచ్చు. అందువల్లనే పిటిషన్‌లో వారి అసలు పేర్లు పెట్టలేదు. న్యాయమూర్తి తెల్లవారుజామునే విచారణ జరిపారు. అయినా ఆ కుటుంబాలు సామాన్లు కార్లలో సర్దుకొనే వచ్చాయి.

1982 జూన్ 15న సుప్రీం కోర్టు 5-4 మెజారిటీతో వారి పక్షాన తీర్పు చెప్పింది. రాజ్యాంగపు 14వ సవరణ ఇచ్చిన సమాన రక్షణ పౌరులకే కాదు, ఆ రాష్ట్ర పరిధిలో ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తుందని ప్రకటించింది.

ఇతరుల హక్కుల కోసం నిలబడేవారు ముందుగా తమకున్న భద్రతను గుర్తించాలి. నిర్భయంగా మాట్లాడగలగడం వారి ధైర్యం మాత్రమే కాదు, వారి పౌరసత్వం ఇచ్చిన సౌకర్యం కూడా. ఎంతవరకు తెగించాలన్నది మాత్రం నష్టం భరించవలసిన కుటుంబమే నిర్ణయించుకోవాలి.