గంగడోలు వెనుక పారే నది

పొద్దు గుంకింది. సావిట్లో పాలనురుగు లాంటి ఒంగోలు ఆవు గాట్లో మూతి పెట్టింది. ఆ గాట్లోది ఉత్త వరిగడ్డి కాదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి మాగేసిన గడ్డి. పట్టా తీయగానే కళ్లు మండించిన ఘాటు కాసేపటికి గాలిలో కలిసిపోయింది. మిగిలినవి ముదురు తేనెరంగు తిరిగి, అరచేతికి మెత్తగా తగిలే పోచలు. వాటిపైన లేత గోధుమరంగు తవుడు, చిటికెడంత మెరుపున్న ఖనిజ లవణాల పొడి, నల్లగా, నిదానంగా జారే బెల్లపు మడ్డి.

ఆవు గబగబా మింగుతుంది. ఆ ముద్దలు దిగేది నూరు లీటర్లకు పైగా పట్టే ఓ వెచ్చని సరస్సులోకి. వెలుతురెరుగని ఆ నీళ్ల వేడి 39 డిగ్రీలు. ఒక్కో చుక్కలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు గడ్డిపోచలకు అతుక్కుని, వాటిని పులియబెడుతూ ఉంటాయి. మనం చల్లిన ప్రతి గుప్పెడూ ముందు వాటికే విందు. అవి వదిలిన పులుపులే ఆవుకు బలం. వాటిలో ఒకటి మన వంటింటి వెనిగర్‌లో ఉండేదే! మఖమల్ తివాచీ మీది నూగులా ఆ కడుపు గోడంతా నిలిచిన చిన్నచిన్న నాలుకలు ఆ పులుపులను తాగి, నెత్తుటిలోకి జారవిడుస్తాయి.

మనం అన్నం తిన్న గంటలో మన నెత్తుటిలో చక్కెర పొంగుతుంది. గంపెడు మేత మేసినా ఆవు నెత్తుటిలో ఆ పొంగు ఉండదు. ప్రొపియోనేట్ అనే ఒక పులుపును తీసుకుని, ఆవుకు కావలసిన తీపిని కాలేయమే ఓపిగ్గా వండుకుంటుంది. ఆ ఎర్రని నదిలో లేచే అలలు వేరు. మేసిన రెండు మూడు గంటల్లో యూరియా మెల్లగా పెరుగుతుంది, కాసేపటికి తగ్గుతుంది. దాణాలో కలిపే వంటసోడా సరస్సు పులుపును అదుపులో ఉంచుతుంది. మోనెన్సిన్ అనే మందు ప్రొపియోనేట్ వాటాను పెంచుతుంది. చిటికెడు మార్పు పైన, దాని కదలిక నెత్తుటి లోతుల్లో. కొలత తప్పి యూరియా ఎక్కువగా పడిందా, కాలేయం తట్టుకోలేని అమ్మోనియా వరద ముంచెత్తి, గంటల్లోనే పశువు కూలిపోతుంది. అంత సున్నితం ఆ నది.

నన్ను అన్నిటికన్నా నిలవేసేది నడిరేయి దృశ్యం. లాంతరు వెలుగులో ఆవు పడుకుని ఉంది. కళ్లు అరమోడ్పులు. మెడ పక్క నరం నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి గొంతులో ఓ ఉండ కిందినుంచి పైకి ఎగబాకుతుంది. గంగడోలు ముడతలు అలలా కదులుతాయి. దవడ యాభై సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఆ ముద్ద మళ్లీ దిగిపోతుంది. క్షణం నిశ్శబ్దం. మరో ఉండ.

పెదవి కొసనుంచి లాలాజలం సన్నని వెండిదారంలా వేలాడుతోంది. రోజుకు నూరు లీటర్లకు మించి ఊరే నీరది. నెత్తుటిలో పెరిగిన యూరియాలో కొంత మూత్రంతో పోకుండా ఈ లాలాజలంలో కలిసి, గుటక వెంట మళ్లీ ఆ చీకటి సరస్సుకే చేరుతుంది. అక్కడ ఆ కోట్ల ప్రాణులు దాన్ని ఆత్రంగా అందుకుంటాయి. గాలికి ఊగి, మెరిసి, ఆ వెండిదారం తెగింది. ఆవు గుటక వేసింది.