ఏది కాలాలి, ఏది మిగలాలి

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోని లాంగ్‌లీఫ్ పైన్ అడవి రెండు మూడేళ్లకోసారి కాలకపోతే అడవిగా మిగలదు. పిడుగులూ, అక్కడి ఆదివాసులూ రాజేసిన మంటల్లోనే అది పెరిగింది. విత్తనం మొలవడానికి ఆకుల మేట లేని ఉత్త నేల కావాలి. మొలిచాక కొన్నేళ్లపాటు మొక్క గడ్డి దుబ్బులా నేలనంటుకుని ఉంటుంది. పైనుంచి మంట పోయినా పొడవాటి ఆకుల నడుమ మొగ్గ భద్రం. ఒకప్పుడు వర్జీనియా నుంచి తూర్పు టెక్సాస్ దాకా సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉన్న ఈ అడవి, నరికివేతలతో, ఆపైన ప్రతి మంటనూ పట్టుబట్టి ఆర్పడంతో 30 లక్షల ఎకరాల దాకా పడిపోయింది. ఇప్పుడు గాలి, తేమ చూసుకుని అటవీ సిబ్బందే నిప్పు పెడుతున్నారు.

చిక్కు ఒక పిట్టతో వచ్చింది. రెడ్ కాకేడెడ్ అనే వడ్రంగిపిట్ట బతికున్న ముసలి పైన్‌కే తొర్ర తొలుస్తుంది; ఒక్కో తొర్రకు ఏడాది పైనే పట్టొచ్చు. చుట్టూ చిన్న గుంటలు కూడా పొడుస్తుంది. వాటిలోంచి బంక కారి మాను పొడవునా గడ్డకడుతుంది. పాములు పైకి ఎక్కకుండా ఆ బంకే కాపలా. కానీ నిప్పు దగ్గర బంక కర్పూరమే. అంటుకుందా, మంట తొర్ర దాకా పాకుతుంది. పోనీ కాల్చకుండా వదిలేద్దామంటే, ఓక్ వంటి చెట్లు తొర్ర ఎత్తుకు ఎదిగి పిట్టే చోటు వదిలిపోతుంది. అందుకే నిప్పు పెట్టేముందు ప్రతి తొర్రచెట్టునూ వెతికి, చుట్టూ కనీసం 10 అడుగుల మేర ఎండుటాకులూ గడ్డీ లాగేస్తారు. మన నల్లమలలో వేసవికి ముందు, మంట దాటకుండా నేల శుభ్రం చేసి ఫైర్‌లైన్లు వేసేవారికి ఇది కొత్త పనేం కాదు. కాకపోతే లాంగ్‌లీఫ్ అడవిలో చెట్టుకో గీత.

దశాబ్దాలుగా కాలని చోట పెద్ద ముప్పు ఎగిసే మంటతో కాదు. చెట్టు మొదట్లో కుళ్లీ కుళ్లని ఆకులు అంగుళాల మందాన పేరుకుంటాయి. సన్నవేర్లు పైకొచ్చి అందులోనే అల్లుకుంటాయి. మంట నిమిషాల్లో దాటిపోయినా ఆ మేట గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి లోలోపల రగులుతూ వేర్లనూ, బెరడు కింది జీవపొరనూ ఉడికించేస్తుంది. పచ్చగానే కనిపించిన చెట్టు నెలల తర్వాత ఎండిపోతుంది. ప్రధాన విరుగుడు: వాన పడిన కొద్ది రోజులకు, మేట అడుగున తడి ఉండగా కాల్చడం, దాన్ని పలు విడతల్లో పలచన చేయడం. ఎకరాల లెక్క చూపించే తొందర ఉన్నచోట ఇది సాగదు.

తొర్రచెట్టుకు గీశామని ప్రతిదాని చుట్టూ గీత గీయకూడదు. ఫ్లోరిడా ప్రాంతపు ఫ్లాట్‌వుడ్స్ సాలమాండర్ అనే ఉభయచరం ఎండిన గుంటల్లోని గడ్డి మధ్య గుడ్లు పెడుతుంది. శీతాకాలపు వానలకు గుంట నిండాక అవి పిల్లలవుతాయి. గుంట చుట్టూ దున్ని మంటను ఆపేస్తే పొదలు కమ్ముకుని ఆ గడ్డి పోతుంది. చలికాలంలో కాల్చినా, నీళ్లుంటాయి గనక మంట గుంటలోకి రాదు. పిడుగులు పడే మే, జూన్ నెలల్లో గుంట ఎండి ఉన్నప్పుడు మంటను లోపలికి రానివ్వాలి.

వడ్రంగిపిట్టను 1970లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఈ మంటలకు మనుషులు అమర్చిన కృత్రిమ తొర్రలూ తోడయ్యాయి. 2024లో అమెరికా ప్రభుత్వం ఆ పిట్టను అదే జాబితాలో అంతకన్నా తక్కువ ముప్పున్న వర్గంలోకి మార్చింది.