బురదలో చక్రం

శ్రీనివాసపురం అనగానే మనకు గుర్తుకు వచ్చేది మామిడి. కోలారు జిల్లాలోని ఈ తాలూకా బాదామి, తోతాపురి, బేనీషా, నీలం వంటి రకాలకు పేరు పొందింది. కాయలు కోతకు వచ్చే రోజుల్లోనే వానలూ మొదలవుతాయి. ఎర్రమట్టి దారులు తడిసి జారుడుగా మారతాయి. కోసిన కాయ ఎక్కువ రోజులు నిలువదు. త్వరగా మండీకి చేరాలి. అలాంటి వేళ కాయల బండి తోటదారిలో కూరుకుపోతే, ఏడాది పొడుగునా పడ్డ శ్రమకు నష్టం వస్తుంది.

అలా కూరుకుపోయిన బండిని మీరు చూసే ఉంటారు. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతూ ఉంటుంది. గట్టినేల మీద ఉన్న రెండో చక్రం మాత్రం కదలదు. డ్రైవరు ఇంజనును ఎంత వేగంగా తిప్పినా బండి ముందుకు రాదు. మంచి నేల మీద ఉన్న చక్రం బండిని ఎందుకు లాగదు? నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు సైతం ఒక్కొక్కప్పుడు ఎందుకు నిలిచిపోతుంది?

దీనికి సమాధానం ఎద్దుబండి దగ్గర మొదలుపెడదాం. ఎద్దుబండి ఇరుసు తిరగదు. దాని రెండు చివరల చక్రాలు వేటికవే తిరుగుతాయి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోతాయి. డ్రిల్లులో వరుస మలుపు తిరిగేటప్పుడు చివరనున్న విద్యార్థి పెద్ద అంగలు వేయడం లాంటిదే ఇది.

ఎద్దుబండిని ఎద్దులు లాగుతాయి కనుక చిక్కు లేదు. మోటారు బండిలో చక్రాలనే ఇంజను తిప్పాలి. రెండు చక్రాలను ఒకే కడ్డీకి బిగిస్తే అవి ఒకే వేగంతో తిరుగుతాయి; మలుపులో ఏదో ఒకటి నేలను ఈడ్చుకుంటూ పోవలసి వస్తుంది. అందుకని రెండింటి మధ్య కొన్ని పళ్ళచక్రాల అమరికను ఉంచుతారు. దీని పేరు డిఫరెన్షియల్. ఫ్రాన్సు దేశస్థుడైన ఒనెసిఫోర్ పెకర్ 1827లో ఆవిరి బండి కోసం దీనిని రూపొందించాడు.

డిఫరెన్షియల్ రెండు చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిస్తుంది. కాని, తిప్పే బలాన్ని మాత్రం ఇద్దరు బిడ్డలకు తల్లి పంచినట్లు సమానంగా పంచుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక లెక్క చూద్దాం. గట్టినేల మీది చక్రం జారకుండా 200 పాళ్ళ బలాన్ని నేల మీద మోపగలదు అనుకోండి. బురదలోని చక్రం 20 పాళ్ళకే జారిపోతుంది. సమానంగా పంచాలి కనుక గట్టినేల మీది చక్రానికీ 20 పాళ్ళే అందుతాయి. మొత్తం 40. బండి కదలడానికి 150 పాళ్ళు కావాలంటే అది ఎలా కదులుతుంది? ఇంజనుకు బలం లేక కాదు, చక్రానికి పట్టు లేక బండి నిలిచిపోతుంది.

ఇప్పుడు జీపు సంగతి. 1941 నుండి అమెరికా సైన్యం కోసం విల్లీస్ జీపులు తయారయ్యాయి. యుద్ధం ముగిశాక, 1940వ దశకం చివరలో మహీంద్రా సంస్థ వాటిని మన దేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఇలాంటి జీపులో ఒక లివరు వేస్తే ముందు ఇరుసు, వెనుక ఇరుసు కలిసికట్టుగా తిరుగుతాయి. వెనుక ఒక చక్రం జారినా, ముందు చక్రాలు రెండూ గట్టినేల మీద ఉంటే 400 పాళ్ళ బలం అందుతుంది. బండి బయటపడుతుంది. అయితే ముందు ఒకటి, వెనుక ఒకటి బురదలో పడితే ఒక్కో ఇరుసుకు 40 చొప్పున మొత్తం 80 పాళ్ళే. జీపు నిలిచిపోతుంది.

కొన్ని కార్లలో నాలుగు చక్రాలూ ఎల్లప్పుడూ ఇంజనుతో నడుస్తాయి. వాటిలో కొన్నింటికి రెండు ఇరుసుల మధ్య కూడా డిఫరెన్షియల్ ఉంటుంది. దానికి వేరే అడ్డు ఏదీ లేకపోతే, నాలుగింటిలో ఒక్క చక్రం జారినా చాలు, మిగిలిన మూడింటికీ 20 పాళ్ళే అందుతాయి!

మరి ఉపాయం లేదా? ఉంది. ట్రాక్టరులో డిఫరెన్షియల్ లాక్ ఉంటుంది. దానిని వేస్తే రెండు వెనుక చక్రాలు ఒకటిగా బిగిసిపోతాయి. అప్పుడు బురదలోని చక్రం 20, గట్టినేల మీది చక్రం 200, మొత్తం 220 పాళ్ళు. బండి కదులుతుంది. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకులు కూడా ఉంటాయి. జారే చక్రానికి మాత్రమే మెల్లగా బ్రేకు వేస్తే, ఆ అడ్డు వల్ల రెండో చక్రానికీ బలం పెరుగుతుంది. నేటి కార్లలో చాలావాటికి ఈ పనే యంత్రం చేసిపెడుతోంది. ఏ చక్రం అతివేగంగా తిరుగుతున్నదో కనిపెట్టి, దానికి మాత్రం బ్రేకు వేస్తుంది.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. చక్రం వేగంగా తిరుగుతున్నప్పుడు లాక్ వేస్తే పళ్ళు విరుగుతాయి; చక్రాన్ని ఆపి వేయాలి. బయటపడగానే తీసివేయాలి, లాక్ ఉండగా బండి సరిగా మలుపు తిరగదు. ఇంజనును ఊరకే రొద పెట్టిస్తే చక్రం తన గుంతను తానే తవ్వుకుంటుంది. దానికి బదులు బండిని ఆపి, చక్రం ముందున్న బురదను తీసి, రాళ్ళో కొమ్మలో పరచాలి. తిరిగే చక్రం వెనుక ఎవరూ నిలబడరాదు. అది విసిరే రాయి ప్రాణం మీదికి తేగలదు.

ఇంకొక మాట. నాలుగు చక్రాలకూ బలం అందడం బండి కదలడానికే సాయపడుతుంది. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు అన్ని బండ్లూ టైర్ల పట్టు మీదనే ఆధారపడతాయి. కనుక జీపైనా, కారైనా వానలో నెమ్మదిగా నడపడమే క్షేమం.